‘గాయపడినవారు’ అనే ఒక్క మాటలో ఏముంది? యుద్ధగాయాల తీరుపై చర్చ

పెదవాల్తేరు మాస్టారు:

సభ్యులందరికీ నమస్కారం. 1942 ఏప్రిల్ 6న మన పట్నం మీద జపాను విమానాలు బాంబులు వేసిన సంగతిని మా వీధి పెద్దల సమావేశంలో చెప్పడానికి కొన్ని కాగితాలు రాసుకుంటున్నాను. బీచి రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఆనాటి బాంబును మరొకసారి చూసి వచ్చాక నాకొక సందేహం పట్టుకుంది. ఏ యుద్ధం గురించి చదివినా ఇంతమంది మరణించారు, ఇంతమంది గాయపడ్డారు అని రెండు అంకెలు కనిపిస్తాయి. చరిత్ర ఉపాధ్యాయుడిగా పిల్లలకు నేనూ ఆ రెండు అంకెలే అప్పజెప్పాను. కార్గిల్‌లో 527 మంది ప్రాణాలర్పించారు, 1,363 మంది గాయపడ్డారు అన్నది ఇప్పటికీ నోటికి వస్తుంది. కానీ ఆ 1,363 మందిలో ఎవరికి కాలు పోయింది, ఎవరికి చూపు పోయింది, ఎవరు కోలుకుని మళ్ళీ కొలువులో చేరారు అనేది ఆ అంకె చెప్పదు.

నా ప్రశ్న ఇది. ఈ కాలపు యుద్ధాల్లో సైనికుడికి సాధారణంగా శరీరంలో ఏ భాగానికి, దేనివల్ల గాయమవుతుంది? అదే పేలుడులో చిక్కుకున్న మామూలు మనిషికి అదే గాయమవుతుందా? వైద్యులూ, సైన్యంలో పనిచేసినవారూ ఈ వేదికలో ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

విశ్రాంత సర్జన్, మహారాణిపేట:

మాస్టారూ, మంచి ప్రశ్న వేశారు. నేను సైనిక వైద్యుణ్ణి కాను. ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ప్రభుత్వాసుపత్రిలో రోడ్డు ప్రమాదాల గాయాలు కుట్టి రిటైరైనవాణ్ణి. అయితే మేము ఇవాళ ప్రమాద బాధితులకు చేసే చికిత్సలో చాలా భాగం యుద్ధభూమిలోనే పుట్టింది కాబట్టి ఆ సాహిత్యం చదవక తప్పలేదు.

మొదట సైనికుల సంగతి. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల తొలి సంవత్సరాల్లో అమెరికన్ సైనికులకు తగిలిన గాయాలను లెక్కగట్టినప్పుడు, వాటిలో 54 శాతం కాళ్ళూ చేతులకు, 30 శాతం తల, ముఖం, మెడలకు, 11 శాతం పొట్టకు తగిలినట్టు తేలింది. ఛాతీకి తగిలినవి 6 శాతమే. వియత్నాం యుద్ధంలో ఛాతీ గాయాలు సుమారు 13 శాతం ఉండేవి. ఛాతీకి ముందూ వెనుకా గట్టి పలకలున్న కవచం వచ్చాక అక్కడ గాయాలు తగ్గాయి. కవచం కప్పని ముఖం, మెడల వాటా పెరిగింది. కారణాలు చూస్తే పేలుళ్ళు 78 శాతం, తూటాలు 18 శాతం. అంటే యుద్ధం అనగానే మన కళ్ళ ముందు మెదిలే తూటా దెబ్బ నిజానికి చిన్న వాటాదారు.

ఇక్కడొక మెలిక ఉంది, దాన్ని గమనించకుండా ఈ పట్టికను మీ కాగితాల్లోకి ఎక్కించవద్దు. ఇది ఆసుపత్రి దాకా ప్రాణాలతో వచ్చినవారి లెక్క. గుండెకో, ఛాతీలోని పెద్ద రక్తనాళానికో దెబ్బ తగిలినవాడు తగిలిన చోటే పోతాడు. అతడు ‘గాయపడినవారు’ అనే గడిలోకి రానే రాడు. కాబట్టి ఛాతీ గాయాలు 6 శాతమే అంటే ఛాతీకి దెబ్బలు తగలడం లేదని కాదు. కొన్నిటిని కవచం ఆపింది, కొన్ని మరణాల గడిలోకి వెళ్ళిపోయాయి. గాయాల లెక్కను మరణాల లెక్కతో కలిపి చదవకపోతే తప్పు తోవలో పడతాం.

గాజువాక ఫిట్టరు:

డాక్టరు గారూ, పేలుడు అంటే లోపల జరిగేదేమిటో కాస్త విడమరిచి చెప్పగలరా? మా పని చోట గాలి సిలిండర్లతో వేగుతుంటాం, అందుకని అడుగుతున్నాను.

విశ్రాంత సర్జన్, మహారాణిపేట:

పేలుడు ఒక దెబ్బ కాదు, ఒకదాని వెనుక ఒకటి వచ్చే నాలుగు దెబ్బలు. మొదటిది గాలిలో దూసుకువచ్చే ఒత్తిడి తరంగం. ఇది శరీరంలో గాలి ఉన్న చోట్లను వెతుక్కున్నట్టుగా వెళ్ళి చీలుస్తుంది: కర్ణభేరి, ఊపిరితిత్తులు, పేగులు. అన్నిటికంటే తేలికగా చిరిగేది కర్ణభేరి. ఊపిరితిత్తి దెబ్బతిన్నవాడి ఒంటి మీద గీత కూడా లేకపోవచ్చు, కాసేపు మాట్లాడుతూనే ఉండి తర్వాత ఊపిరాడక పడిపోవచ్చు. రెండవది ఎగిరి వచ్చే ఇనుప పెంకులు, మేకులు, రాళ్ళు, గాజు. ఒత్తిడి తరంగం దూరం పెరిగే కొద్దీ చాలా వేగంగా బలం కోల్పోతుంది, పెంకులు మాత్రం చాలా దూరం ప్రయాణిస్తాయి. అందుకే ఆరుబయట ఆసుపత్రికి చేరే గాయాల్లో ఎక్కువ పెంకులవే. మూడవది మనిషే ఎగిరి గోడకో నేలకో కొట్టుకోవడం. నాలుగవది కాలిన గాయాలు, పొగ, నలుగుడు వంటి మిగిలినవన్నీ.

తూటా సంగతి వేరు. వేగంగా వెళ్ళే తూటా తన దారి పొడవునా చుట్టూ ఉన్న కండను క్షణకాలం బయటికి నెట్టి బుడగలాంటి ఖాళీని చేస్తుంది. పైకి చిన్న రంధ్రమే కనిపించినా లోపల చచ్చిన కండ చాలా ఉంటుంది. అందుకే యుద్ధగాయాన్ని వెంటనే కుట్టేయకూడదనేది మాకు నేర్పిన మొదటి పాఠం: చచ్చిన కండను కోసి తీసేసి, తెరిచి ఉంచి, నాలుగైదు రోజుల తర్వాత శుభ్రంగా ఉంటేనే మూయాలి. మెత్తబడి విచ్చుకునే తూటాలు ఇంకా ఘోరం. వాటిని 1899 హేగ్ ప్రకటన నిషేధించింది. వాటికి ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ‘డమ్ డమ్’ అనే పేరు మన కలకత్తా పక్కనున్న ఆయుధ కర్మాగారం ఊరిది.

పాత నావికుడు, మల్కాపురం:

నేను నౌకాదళంలో వైద్య సహాయకుడిగా పనిచేశాను. డాక్టరు గారు చెప్పిన లెక్క భూమి మీది లెక్క. నీటి మీద లెక్క తారుమారవుతుంది, విశాఖలో కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు అది చెప్పకపోతే ఎలా?

గాలి నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. అందువల్ల నీటిలో పేలిన బాంబు ఒత్తిడి గాలిలో కంటే చాలా దూరం, చాలా తీవ్రంగా వెళుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడ మునిగి నీటిలో ఈదుతున్న నావికులు, సమీపంలో జలాంతర్గాముల మీద వేసే బాంబులు పేలినప్పుడు, ఒంటి మీద చిన్న గాయం కూడా లేకుండా కడుపులో పేగులు చిల్లులు పడి చనిపోయారు. నీటిలో మునిగి ఉన్న భాగమే దెబ్బతింటుంది. అందుకే దగ్గరలో పేలుడు తప్పదనుకుంటే వెల్లకిలా తేలి, ఛాతీనీ పొట్టనూ వీలైనంత నీటి పైకి తెచ్చుకోవాలని చెబుతారు.

ఓడ లోపల ఉన్నవాడిది ఇంకొక తీరు. అడుగున పేలుడు జరిగితే ఇనుప డెక్కు ఒక్కసారిగా పైకి తన్నుతుంది, దాని మీద నిలబడినవాడి మడమలు, మోకాళ్ళు, వెన్ను విరుగుతాయి. అఫ్ఘానిస్తాన్‌లో వాహనం కింద మందుపాతర పేలినప్పుడు లోపల కూర్చున్నవారికి సరిగ్గా ఇవే దెబ్బలు తగిలాయి. ఆ తర్వాత మంట. 1982లో బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధంలో మే 4న షెఫీల్డ్, జూన్ 8న సర్ గాలహాడ్ అనే బ్రిటిష్ నౌకలకు జరిగినది చదవండి. కాలిన గాయాలే ఎక్కువ, అందులోనూ ముఖానికి, చేతులకు. యుద్ధ స్థితిలో నావికులు వేసుకునే తెల్లని ముసుగు, తొడుగులు ఆ రెండింటి కోసమే.

మరొక మాట. మాస్టారు కార్గిల్‌లో ఒక మరణానికి ఇద్దరు ముగ్గురు చొప్పున గాయపడ్డారని చెప్పారు. సముద్రంలో ఆ నిష్పత్తి ఉండదు. 1971 డిసెంబరు 9న మన యుద్ధనౌక ఖుక్రీ మునిగినప్పుడు 18 మంది అధికారులు, 176 మంది నావికులు దానితోపాటే వెళ్ళిపోయారు. అంతకు కొద్దిరోజుల ముందు మన తీరానికి ఎదురుగానే మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీలో ఒక్కరూ బతకలేదు. దాని పట్టికలో ‘గాయపడినవారు’ అనే గడిలో సున్నా ఉంటుంది. సున్నా చూసి సంతోషించే గడి కాదు అది.

పెదవాల్తేరు మాస్టారు:

నావికుడు గారూ, బీచిలో ఆ 1971 యుద్ధానికి గుర్తుగా కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్థూపం ముందు నుంచి రోజూ నడిచి వెళ్ళేవాణ్ణి, ఆ సున్నా సంగతి నాకెప్పుడూ తట్టలేదు. రాసుకున్నాను.

అత్యవసర విభాగం డాక్టరమ్మ:

ఇంతవరకు నడిచిన చర్చ అంతా కవచం వేసుకున్న, ఇరవై ముప్పై ఏళ్ళ, ఆరోగ్యవంతుడైన మగమనిషి గురించే. మాస్టారి ప్రశ్నలో రెండో సగం మిగిలిపోయింది కాబట్టి ఆ భాగం నేను తీసుకుంటాను.

పౌరుడికి కవచం లేదు, శిరస్త్రాణం లేదు, ఏ క్షణాన ఏం జరుగుతుందన్న హెచ్చరికా లేదు. అందువల్ల అదే పెంకు సైనికుడి ఛాతీ పలకకు తగిలి ఆగిపోయే చోట, పౌరుడి ఛాతీలోకి దూరిపోతుంది. అతడు ఉండేది కందకంలో కాదు, ఇంట్లో, బస్సులో, బజారులో. ఇజ్రాయెల్‌లో జరిగిన బాంబు దాడులను పోల్చి 1996లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఆరుబయట పేలుళ్ళలో చిక్కుకున్నవారిలో 7.8 శాతం మరణించగా, బస్సుల లోపల జరిగిన పేలుళ్ళలో 49 శాతం మరణించారు. ఒత్తిడి తరంగం గోడల మధ్య తిరిగి తిరిగి కొట్టడమే ఇందుకు కారణం. మనం ఆశ్రయమనుకునే నాలుగు గోడలు పేలుడు లోపలే జరిగితే శత్రువులవుతాయి.

పేలుడు బయట జరిగినా గోడలు వదలవు, మీద పడతాయి. శిథిలాల కింద గంటల తరబడి కాలు నలిగిన మనిషిని బయటికి తీసినప్పుడు అతడు మాట్లాడుతుంటాడు, నీళ్ళు అడుగుతాడు. నలిగిన కండ నుంచి పొటాషియం, కండలోని మరికొన్ని పదార్థాలు ఒక్కసారిగా రక్తంలోకి వదిలి గుండె ఆగిపోవచ్చు, ఆ గండం గడిచినా మూత్రపిండాలు చెడిపోవచ్చు. లండన్ మీద బాంబుదాడులు జరిగిన రోజుల్లో, 1941లో, బైవాటర్స్, బీల్ అనే వైద్యులు దీన్ని వివరంగా నమోదు చేశారు. శిథిలం ఎత్తకముందే సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టాలని ఇప్పుడు బోధిస్తున్నాం. ఇది ప్రధానంగా నగరవాసుల గాయం.

గాజు గురించి కూడా చెప్పాలి, మనది ఓడరేవు కాబట్టి. 1917 డిసెంబరు 6న కెనడాలోని హాలిఫాక్స్ రేవులో పేలుడు పదార్థాలున్న ఓడ మరొక ఓడకు తగిలి అంటుకుంది. రేవులో మంటను చూద్దామని ఊరి జనం కిటికీల దగ్గర నిలబడ్డారు. ఓడ పేలింది. దాదాపు 9,000 మంది గాయపడ్డారు, వేలమందికి కళ్ళలో గాజు పెంకులు దిగాయి. అంధుల కోసం ఆ దేశపు జాతీయ సంస్థ మరుసటి ఏడాదే ఏర్పడటానికి ఈ విషాదమూ ఒక కారణం. ఇది యుద్ధకాలపు ప్రమాదమే కానీ దాడి కాదు. అయినా నగరంలో పేలుడు ఎలాంటి గాయాలు చేస్తుందో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలియదు. సముద్రానికి ఎదురుగా నిలువెత్తు అద్దాలు పెట్టుకున్న ఫ్లాట్లలో ఉంటున్న మనకు ఇది కొంచెం ఇబ్బంది కలిగించే సంగతే.

పిల్లల సంగతి వేరే చెప్పాలి. ఒంటితో పోలిస్తే వాళ్ళ తల పెద్దది, పక్కటెముకలు మెత్తనివి, రక్తం తక్కువ. పెద్దవాడు తట్టుకునే రక్తనష్టం అయిదేళ్ళ బిడ్డ ప్రాణం తీస్తుంది. జనావాసాల్లో పేలుడు ఆయుధాలు వాడినప్పుడు దెబ్బతినేవారిలో సుమారు 90 శాతం పౌరులేనని ఏటేటా లెక్కలు చెబుతున్నాయి. దీన్ని తగ్గించాలని 2022 నవంబరులో డబ్లిన్‌లో కొన్ని దేశాలు ఒక రాజకీయ ప్రకటన మీద సంతకాలు చేశాయి.

పాడేరు బాటసారి:

నేను ఏజెన్సీలో ఉపాధ్యాయుణ్ణి. మా వైపు యుద్ధం అనే మాట ఎవరూ వాడరు కానీ మందుపాతర అనే మాట అందరికీ తెలుసు. దాని గాయాల గురించి ఎవరైనా రాస్తారని ఎదురుచూశాను.

విశ్రాంత సర్జన్, మహారాణిపేట:

రాయవలసిందే. రెడ్‌క్రాస్ శస్త్రవైద్యులు మందుపాతర గాయాలను మూడు తీరులుగా విడదీశారు. పాతిపెట్టిన దాని మీద కాలు వేసినవాడికి పాదమో పిక్కో ఎగిరిపోతుంది; మట్టి, గడ్డి, చెప్పు ముక్కలు, ఎముక ముక్కలు కండ పొరల మధ్య పైదాకా దూరిపోతాయి, కనుక కనిపించే గాయం కంటే చాలా ఎత్తులో కోయవలసి వస్తుంది. రెండవ తీరు దగ్గరలో ఉన్నవాడికి పెంకులు తగలడం. మూడవది చేత్తో పట్టుకున్నప్పుడు పేలడం: వేళ్ళు, ముఖం, కళ్ళు పోతాయి. ఈ మూడవ తీరులో దానిని తొలగించే సిబ్బందితోపాటు ఆటవస్తువనుకుని ఏరుకున్న పిల్లలు కనిపిస్తారు. 2023లో ప్రపంచవ్యాప్తంగా మందుపాతరలు, పేలకుండా మిగిలిన మందుగుండు వల్ల చనిపోయినా గాయపడినా నమోదైనవారు 5,757 మంది. వారిలో 84 శాతం పౌరులు. మనుషులను దెబ్బతీయడానికి పాతే మందుపాతరలను 1997 నాటి ఒట్టావా ఒప్పందం నిషేధించింది. మన దేశం అందులో చేరలేదు.

పాడేరు బాటసారి:

గాయం తీరు ఒకటి, గాయం తగిలిన చోటు నుంచి ఆసుపత్రి ఎంత దూరం అన్నది మరొకటి. మా దగ్గర రోడ్డు లేని ఊళ్ళలో రోగిని ఇప్పటికీ డోలీ కట్టి మోసుకువస్తారు. పాము కరిచినా అంతే, చెట్టు మీద నుంచి పడినా అంతే. పోలీసుల కోసం హెలికాప్టరు వస్తుంది, అది తప్పని నేను అనడం లేదు, కానీ కట్టెలకు వెళ్ళినవాడి కాలు పోతే అతడి గాయం తీరును నిర్ణయించేది మందుపాతర ఒక్కటే కాదు, ఆ కొండదారి కూడా.

విశ్రాంత సర్జన్, మహారాణిపేట:

మీరు సరిగ్గా అసలు చోట వేలు పెట్టారు. 2001 నుంచి 2011 వరకు మరణించిన 4,596 మంది అమెరికన్ సైనికుల వివరాలను పరిశీలిస్తే, 87 శాతం మంది శస్త్రవైద్యుడి దగ్గరకు చేరకముందే పోయారు. ఆ దారిలో పోయినవారిలో సుమారు నాలుగో వంతు మంది బతికే అవకాశం ఉన్నవారని, ఆ బతకగలిగినవారిలో పదిలో తొమ్మిది మంది రక్తం పోయి మరణించారని తేల్చారు. ఆ రక్తస్రావంలో మూడింట రెండు వంతులు ఛాతీ, పొట్టల లోపలిది, దానిని బయట నుంచి ఆపలేం. సుమారు 19 శాతం గజ్జలు, చంకలు, మెడ దగ్గరిది, అక్కడ కట్టు బిగదు. కాళ్ళూ చేతులది సుమారు 13 శాతం, అది మాత్రం గాయానికి పైన గట్టిగా బిగించి రక్తాన్ని ఆపే ఒక పట్టీతో (టూర్నికెట్) ఆగేది. 2009లో వారి రక్షణమంత్రి రాబర్ట్ గేట్స్ క్షతగాత్రుణ్ణి గంటలోపు ఆసుపత్రికి చేర్చాలని ఆదేశించాక మరణాలు తగ్గాయి.

గాజువాక ఫిట్టరు:

కట్టు బిగిస్తే కాలు తీసేయాల్సి వస్తుందని మాకు ప్రథమచికిత్స శిక్షణలో చెప్పారు. ఇప్పుడు మీరు పట్టీ కట్టమంటున్నారు. ఏది నమ్మాలి?

పాత నావికుడు, మల్కాపురం:

మాకూ తొలినాళ్ళలో అదే చెప్పారు, అది ఆఖరి అస్త్రమని. తర్వాత మార్చారు. బాగ్దాద్‌లోని ఆసుపత్రిలో చూస్తే, మనిషి రక్తం కోల్పోయి సొమ్మసిల్లకముందే పట్టీ బిగించినవారిలో 90 శాతం బతికారు, సొమ్మసిల్లాక బిగించినవారిలో 10 శాతమే. కాలు కంటే ప్రాణం ముందు.

అత్యవసర విభాగం డాక్టరమ్మ:

నావికుడు గారి మాటతో ఏకీభవిస్తూనే ఒక హద్దు గీస్తాను. ఆ ఫలితాలు హెలికాప్టరు త్వరగా వచ్చిన చోటివి. పట్టీ రెండు గంటల లోపు విప్పగలిగితే కాలికి సాధారణంగా ప్రమాదం ఉండదు. ఆరు గంటలు దాటితే కాలు దక్కడం కష్టం. ఉక్రెయిన్‌లో ఆకాశమంతా డ్రోన్లు కాపు కాస్తుండటంతో క్షతగాత్రులను చీకటి పడేదాకా, కొన్నిసార్లు రోజుల తరబడి కదపలేకపోతున్నారు. అవసరం లేని చోట బిగించిన పట్టీలు, సకాలంలో విప్పి చూడని పట్టీల వల్ల అక్కడ కాళ్ళు పోతున్నాయి. పాడేరు మిత్రుడి కొండదారి కూడా అలాంటిదే. దూరం ఎక్కువైన చోట పట్టీ కట్టిన సమయం రాయడం, వీలైతే తర్వాత గట్టి ఒత్తుడు కట్టుకు మార్చడం నేర్పకుండా పట్టీలు మాత్రమే పంచితే సగం పనే అవుతుంది.

విశ్రాంత సర్జన్, మహారాణిపేట:

ఒప్పుకుంటున్నాను. నేను ఇచ్చిన శాతాలన్నీ ఒక సంపన్న సైన్యానివి. పదహారు వేల అడుగుల ఎత్తులో ఫిరంగి పెంకులు తగిలి, చలిలో రాళ్ళ మధ్య నుంచి భుజాల మీద దింపిన మన కార్గిల్ జవానుకు అవి యథాతథంగా వర్తించవు. చలికి ఒళ్ళు చల్లబడితే రక్తం సరిగ్గా గడ్డకట్టదు, అది ఇంకొక శత్రువు.

కృత్రిమ అవయవాల కేంద్రం నుంచి:

మాస్టారూ, ఒక చిన్న చేర్పు. కాలు పోయిన పెద్దవాడికి కృత్రిమ కాలు కొన్నేళ్ళు పనికివస్తుంది. పిల్లవాడికి ఎముక పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆరు నెలలకో ఏడాదికో కొత్తది కావాలి, కొన్నిసార్లు మొండి కాలి కొసలో ఎముక చర్మాన్ని పొడుచుకు వస్తే మళ్ళీ ఆపరేషన్. పదేళ్ళ వయసులో తగిలిన గాయం పద్దెనిమిది దాకా ఏటా తగులుతూనే ఉంటుందన్నమాట. 1968లో శిల్పి రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి రూపొందించిన జైపూర్ కాలు అఫ్ఘానిస్తాన్‌లో, కంబోడియాలో మందుపాతర బాధితులకు అంతగా ఉపయోగపడటానికి కారణం, అది వేసుకుని చెప్పులు లేకుండా మడిలో దిగవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. ఆసుపత్రి లెక్కల్లో ఈ ఏళ్ళు ఎక్కడా కనిపించవు.

నర్సింగ్ రెండో సంవత్సరం:

అందరికీ నమస్కారం. తొడ దగ్గర పెద్ద ధమని తెగితే ప్రాణం ఎంతసేపు ఉంటుంది సార్? పట్టీ లేకపోతే చున్నీ పనికివస్తుందా?

విశ్రాంత సర్జన్, మహారాణిపేట:

నిమిషాలే ఉంటాయమ్మా. కంపెనీ పట్టీ లేకపోతే రెండు అంగుళాల వెడల్పు గుడ్డ, దాన్ని మెలిపెట్టడానికి గట్టి పుల్ల కావాలి. పుల్ల లేకుండా ముడి మాత్రమే వేస్తే ధమని మూసుకోదు, సిరలు మూసుకుని రక్తం ఇంకా ఎక్కువ పోతుంది. సన్నని తాడు వద్దు, నరాలను కోస్తుంది. గజ్జలోనే తెగితే పట్టీ పడదు, గాయంలో గుడ్డను లోతుగా కుక్కి రెండు చేతులతో బలమంతా పెట్టి నొక్కాలి. ఇది చదివి నేర్చుకునేది కాదు. ఆదివారం ఉదయం పది గంటలకు ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గరకు రండి, చూపిస్తాను. ఫిట్టరు గారూ, మీరూ రండి.

పెదవాల్తేరు మాస్టారు:

నేనూ వస్తాను. కాగితాల్లో రెండు అంకెల పక్కన ఇప్పటికి నాలుగు పేజీలు పెరిగాయి. 1942లో ఈ ఊళ్ళో దెబ్బలు తగిలినవారు కవచం లేని రేవు కూలీలు, ఊరి జనం అని మొదటి పేజీలోనే రాయాలనుకుంటున్నాను.

పాత నావికుడు, మల్కాపురం:

పుల్ల వెతుక్కోనవసరం లేదు. నా పాత శిక్షణ పట్టీ ట్రంకు పెట్టెలో ఇంకా ఉంది, తెస్తాను. బిగించినప్పుడు నొప్పి పుడుతుంది, ఎవరి కాలు ఇస్తారో ముందే నిర్ణయించుకోండి.